వేపకొమ్మ

ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చాక దశరథ మెడలోని 'జై తెలంగాణ' కండువా తీసి, మడతపెట్టి ఖాకీ చొక్కా లోపల దోపుకున్నాడు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎండలో నడిచే వచ్చాడు. సకలజనుల సమ్మె మొదలైనప్పటి నుంచీ బస్సులు డిపోలు దాటలేదు. రెండు రోజుల బంద్ పిలుపుతో ఆటోలూ ఆగిపోయాయి. ఆ ఆటోలను ఆపించిన సంఘానికి అధ్యక్షుడు తనే. తను పిలిచిన బంద్‌లో తను కూడా నడవడం అతనికి గర్వంగానే ఉండేది. ఇవాళ మాత్రం దారిలో ఎవరైనా "దశరథన్నా, జై తెలంగాణ!" అంటే తలూపి గబగబా దాటిపోయాడు.

పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో సంఘం మనుషులు ఒక ఆటోను ఆపారు. అందులో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే రామమోహనరావు అనే పెద్దమనిషి ఉన్నాడు. పక్షవాతం కమ్ముకొస్తోంది. నాటకమని నవ్వి, అరగంట నిలబెట్టారు. ఆ సమయంలో దశరథ హయత్‌నగర్ సభలో వేదిక మీద ఉన్నాడు.

పై అంతస్తులో గది బయట బల్ల మీద అరవై ఏళ్లావిడ ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో భర్త కళ్లజోడు.

"రామమోహనరావు సారు ఈడనేనా అమ్మా?"

"ఇక్కడేనండి. మీరు కోచింగ్ సెంటర్ నించి వచ్చారా?"

"కాదమ్మా. తెలిసినోళ్ళు చెప్తే చూసిపోదామని..."

"పొద్దుట్నించీ పిల్లలు వస్తూనే ఉన్నారండి. నల్గొండ, సూర్యాపేట పిల్లలే ఎక్కువ. ఆయన దగ్గర చదువుకుని మేష్టర్లయినవాళ్లు." ఆమె కళ్లజోడును చీర కొంగుతో తుడిచింది. "కాస్త మంచినీళ్లు తెచ్చిపెడతారా బాబూ? లేచి వెళదామంటే లోపల్నించి ఎప్పుడు పిలుస్తారోనని భయంగా ఉంది."

దశరథ కిందికి పోయి నీళ్ల సీసా కొనుక్కొచ్చాడు. రెండు చేతులతో అందించాడు. ఆమె రెండు గుక్కలు తాగి, అతని వైపు ఒక్క క్షణం చూసి, తనే చెప్పసాగింది.

"ఆ ఆటో ఆయన మంచివాడండి. పాపం, పెద్దాయన. 'వేపకొమ్మ గట్టిన తల్లీ, ఇగ మనల్ని ఎవ్వలాపరు' అని ధైర్యం చెప్పాడు. చౌరస్తాలో కొమ్మ పీకేశారు. కాళ్లు పట్టుకోబోయాను. 'ఆంటీ యాక్టింగ్ మంచిగ జేస్తున్నది' అన్నాడొక కుర్రాడు. మీ నాయకుడెవరు, ఆయన్ని పిలవండి, ఆయనకే చెప్పుకుంటానన్నాను. 'కొమ్మను నమ్మొద్దని చెప్పింది మా ప్రెసిడెంటే' అన్నారు." ఆమె సీసా మూత బిగించింది. "ప్రాణానికి ఫరవాలేదుట. మాటే పోయింది. ఇంకాస్త ముందు తెస్తే దక్కేదేమో అంటున్నారు. జీవితమంతా మాట్లాడి బతికిన మనిషండీ."

ఆ ప్రెసిడెంటును నేనే అని దశరథ నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసి, "నర్సింహసామి జూస్తడమ్మా" అన్నాడు. ఆ మాట అన్నందుకు మెట్లు దిగుతూ తన మీద తనకే రోత పుట్టింది. తన పనికి దేవుణ్ణి పూచీ పెట్టి వచ్చాడు.

వేపకొమ్మ పద్ధతి దశరథ పెట్టిందే. ఉద్యమం మొదట్లో ఒక బంద్ రోజు, నిండు చూలాలిని ఎక్కించుకున్న ఆటో చౌరస్తా చౌరస్తా దగ్గరా ఆగి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. అప్పుడతను ఆటోలు నిలిపే అడ్డా మీద అందరినీ కూర్చోబెట్టి, "పానం బాగలేనోళ్ళను ఎక్కించుకుంటే హ్యాండిల్‌కు వేపకొమ్మ గట్టుండ్రి. అది కనవడ్డంక ఎవ్వలు ఆపొద్దు, అడుగొద్దు. అమ్మోరు ఎదురొస్తే తొవ్వ ఇచ్చినట్టు ఇయ్యాలె" అన్నాడు. ఆ మాట సరూర్‌నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా పాకింది. చేతిలో రాయి ఉన్నవాడు కూడా కొమ్మ కనిపిస్తే రాయి కింద పడేసి పక్కకు జరిగేవాడు. కాగితం లేదు, ముద్ర లేదు. ఒకరి మాట మీద ఒకరికున్న నమ్మకం, అంతే.

ఈసారి సమ్మె నెల దాటేలా ఉంది. ఇళ్లలో బియ్యం నిండుకుంటున్నాయి. ఆకలికి ఆగలేక ఒకరిద్దరు వేపకొమ్మ కట్టుకుని మామూలు సవారీలను తిప్పారు. పది రూపాయల దారికి వంద తీసుకున్నారు. ఆ సంగతి బయటపడి అందరూ కోపంగా ఉన్న సాయంత్రం, సంఘం సభలో దశరథ మైకు అందుకున్నాడు.

"కొమ్మ గట్టుకున్నోడల్లా పేషెంటేనా? ఇగ రేపటి సంది కొమ్మను నమ్మకుండ్రి!"

ఈలలు, చప్పట్లు. ఆ చప్పట్లు తియ్యగా తగిలాయి. అదే మాట ఇంకోసారి అన్నాడు. అయితే నిజమైన రోగిని ఎలా గుర్తుపట్టాలో చెప్పలేదు. అది చెప్పి ఉంటే చప్పట్లు వచ్చేవి కావు.

ఇంటికి చేరేసరికి భార్య అండాలమ్మ దేవుడి ముందు దీపం వెలిగిస్తోంది. కాళ్లు కడుక్కుని వచ్చినా అతను రోజూలా దండం పెట్టుకోలేదు. ఆమె గమనించి, కంచంలో అన్నం పెట్టాక అడిగింది.

"ఆయమ్మను కలిసినవా?"

"కలిసిన."

"చెప్పినవా మరి?"

"నీళ్ళు కావాలన్నది. తెచ్చిచ్చిన."

"నేనడిగింది నీళ్ళ ముచ్చట గాదు."

దశరథ అన్నాన్ని వేళ్లతో అటూ ఇటూ జరిపాడు. "రేపు కుర్చీ దిగుతనే."

"దిగితే ఆ సారుకు మాటొస్తదా?"

"రాదు."

"మరి ఎందుకు దిగుడు?"

"కూసుంటె కూసోవశం అయితలేదు." ఆమె మజ్జిగ పోసింది. అతను చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాటికి బంద్ ముగిసింది. ఆటోలు అడ్డా మీద వరసగా నిలబడ్డాయి. సవారీలు మాత్రం రావడం లేదు. బస్సులు లేని రోజు జనం ఎగబడి ఎక్కాలి. ఆ పక్క కాలనీలో నుంచి వచ్చిన ఒక కుటుంబం వరస దాకా నడిచి వచ్చి, తమలో తాము ఏదో మాట్లాడుకుని, చౌరస్తా అవతల తిరుగుతున్న ఆటోను పిలుచుకుంది. అది అందరూ చూశారు. నిన్నటి సంగతి కాలనీ అంతా పాకినట్టుంది.

అడ్డా పక్కన రేకుల షెడ్డులో సంఘం కూర్చుంది. సంఘం కార్యదర్శి మహేందర్, దశరథ అక్క కొడుకు, ముందుగా లేచాడు.

"మాటలెందుకు? టీవీలోళ్ళు ఒచ్చేలోపల మనమే చెప్పాలె. కొమ్మ ఇరిచింది అభిలాష్. ఆణ్ణి సంఘంలకెల్లి తీసేసినం, అడ్డా మీద ఆని ఆటోకు జాగ లేదు అని. గంతే, ఖతం."

మూలన గొంతుక్కూర్చున్న అభిలాష్ తలెత్తాడు. చౌటుప్పల్ పక్క పల్లె నుంచి వచ్చి ఏడాది కాలేదు. యజమానికి రోజుకు రెండొందల కిరాయి కట్టి ఆటో నడుపుతాడు. అడ్డా లేకపోతే ఆ కిరాయి కూడా చేతికి రాదు.

"మహేందరన్నా, నా పక్కపొంటి నిలవడి ఇరువుమన్నది నువ్వు గాదా?"

"నేను నా సొంత మాట అన్ననారా? మామ మైకుల చెప్పిందే చెప్పిన."

షెడ్డులో అందరి చూపులూ దశరథ మీదికి తిరిగాయి. అతను అభిలాష్‌నే చూస్తున్నాడు.

"ఏమైందో చెప్పురా. దాచకు."

"ఆయమ్మ దండం వెట్టిందన్నా. నేను యాక్టింగ్ అన్న. అందరు నవ్విండ్రు. నవ్వేసరికి నాకింక ఊపొచ్చింది. తర్వాత ఆ సారు మూతి ఒక పక్కకు వంగుతుంటె జూసిన. భయమైంది. ఇడుద్దామన్న. గప్పటికి నా మాట ఎవ్వలినలే." అభిలాష్ ముక్కు ఎగబీల్చాడు. "తీసేస్తె తీసెయ్యిండ్రి. నేను జేసింది తప్పే. గని నేనొక్కణ్ణేనా?"

దశరథ లేచి నిలబడ్డాడు. "అభిలాష్‌ను తీసేసుడు లేదు. పానం బాగలేనోళ్ళను మోసే పని ఆనికి అప్పజెప్పుండ్రి, పైసలు ముట్టొద్దు. ఇగ నేను అధ్యక్షుణ్ణి గాదు. రాజీనామా చేస్తున్న."

షెడ్డు ఒక్కసారిగా గోలెత్తింది.

"నువ్వు ఆడ లేనే లేవు గదనే!"

"నువ్వు దిగితే మనం తప్పు ఒప్పుకున్నట్టయితది మామా," అన్నాడు మహేందర్. "ఉద్యమం బద్నాం అయితది. రైలు పట్టాలు దిగితే నడిపినోణ్ణి అడుగుతరు గని ఢిల్లీల కూసున్న మంత్రిని దిగుమంటరా?"

"అనాలె గదరా. దిగనందుకే మనం వాళ్ళను తిడుతున్నం. మొన్నటిదాంక ప్రతి మంత్రి ఇంటి ముంగట కూసోని రాజీనామా, రాజీనామా అని గొంతు వోయేటట్టు ఒర్రింది ఎవలు? వాళ్ళు కూడ గిదే అన్నరు. మేము లేము, మేము చెయ్యలే, పైనోళ్ళు చెయ్యనిస్తలేరు అని. గప్పుడు మనం ఇన్నమా?"

"వాళ్ళు వేరు, నువ్వు వేరు!"

"ఎట్ల వేరు?"

వెనక నుంచి ఎవరో "దశరథన్న నాయకత్వం వర్ధిల్లాలి!" అన్నారు. పదిమంది అందుకున్నారు. ఒకడు కొత్త కండువా తెచ్చి అతని మెడలో వేయబోయాడు. నిన్నటి దాకా ఆ నినాదానికి ఛాతీ విరుచుకుని నిలబడిన మనిషి, ఇవాళ దాని కింద ముడుచుకుపోయాడు. ఇదే గొంతు, ఇదే ఊపు. మూతి వంకరపోతున్న మనిషి చుట్టూ నవ్విన నవ్వులో కూడా ఇదే ఉండి ఉంటుంది.

"బంద్ జెయ్యిండ్రి!" అని గట్టిగా అరిచింది జంగయ్య. నిన్న ఆ ఆటో నడిపింది అతనే. సంఘంలో అందరికన్నా పెద్ద. రాత్రంతా నిద్రలేని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నినాదం ఆగింది.

"నేను గట్టిన కొమ్మను నా సంఘపోళ్ళే నా ముంగట ఇరిచిండ్రు. ఆయమ్మకు నేను మాటిచ్చిన. ఆమె ముఖం జూడనీకె నాకు ధైర్యం లేదు." అతను దశరథ వైపు తిరిగాడు. "దిగుతనన్నవ్, మంచిదే. గని తమ్మీ, ఒకటడుగుత. దిగినంక ఇంటికి వోయి తలుపేసుకుంటవా? కుర్చీ మీద ఉన్నోణ్ణయితె నలుగురు అడుగుతరు. దిగినోణ్ణి ఎవ్వలడుగరు. గది తప్పు ఒప్పుకునుడా, తప్పించుకునుడా?"

దశరథ తలుపేసుకోవాలనే అనుకున్నాడు. నిన్న ఆసుపత్రి మెట్లు దిగినప్పటి నుంచీ కోరుకున్నది అదొక్కటే.

షెడ్డు బయటికి వచ్చాడు. అడ్డా మీద అధ్యక్షుడి ఆటో ఎప్పుడూ వరసలో మొదట ఉంటుంది. అతను ఎప్పుడొచ్చినా మొదటి సవారీ అతనిదే. ఎవరు పెట్టారో తెలియని రివాజు అది. దశరథ ఆటో తాళం తీసి, స్టార్ట్ చేయకుండా, చేతులతో తోయడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ మామా?" మహేందర్ హ్యాండిల్ పట్టుకున్నాడు. "రాజీనామా మేం ఒప్పుకోం. జర ఆగు."

"మీరు ఒప్పుకునుడేంది? తొవ్వ ఇడువు."

"మామా..."

"ఇడువురా."

మహేందర్ చెయ్యి తీశాడు. దశరథ ఆటోను వరస పొడుగునా తోసుకుంటూ పోయి, అందరికన్నా చివర, అభిలాష్ ఆటో వెనక నిలబెట్టాడు. అద్దం మీద అతికించిన యాదగిరి నర్సింహస్వామి పటం వైపు నిన్నటి తరవాత మొదటిసారి కళ్లెత్తి చూశాడు. దండం మాత్రం పెట్టలేకపోయాడు. ఆటో అక్కడే వదిలి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిచాడు.

ఆసుపత్రి గేటు దగ్గర చెయ్యి దానంతటదే మెడలోని కండువా మీదికి పోయింది. తీయలేదు. సిగ్గుపడాల్సింది కండువాకు కాదు.

గది తలుపు తెరిచి ఉంది. మంచం మీద రామమోహనరావు పడుకుని ఉన్నాడు. భార్య శేషారత్నం ఆయన గడ్డం తుడుస్తోంది. దశరథ గడప ఇవతలే నిలబడ్డాడు.

"అమ్మా, నా పేరు దశరథ. కొమ్మను నమ్మొద్దని చెప్పిన ప్రెసిడెంటును నేనే. నిన్న చెప్పలే."

ఆమె చెయ్యి ఆగింది.

"మీరు ప్రెసిడెంటని తెలియదు," అంది. "కానీ వాళ్లలో ఒకరని తెలుసు. నీళ్లిచ్చేటప్పుడు చొక్కాలోంచి కండువా అంచు కనబడింది. అందుకే అంతా చెప్పాను. అప్పుడైనా చెబుతారేమోనని చూశాను. దేవుడి పేరు చెప్పి వెళ్లిపోయారు."

నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది దశరథకు. "పదవి ఇడిసిపెట్టినమ్మా," అన్నాడు. అన్నాక ఆ మాట ఆ గదిలో ఎంత చిన్నగా ఉందో అతనికే తెలిసింది.

"అది మీ వాళ్లకు చెప్పుకోండి. మాకెందుకండీ?"

అప్పుడు మంచం మీద మనిషి కళ్లు తలుపు వైపు తిరిగాయి. కండువా మీద, ఆ పైన ముఖం మీద నిలిచాయి. పెదవులు కదిలాయి. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది మాట కాలేదు. ఆయన మళ్లీ ప్రయత్నించాడు. నుదుటి మీద నరం ఉబ్బింది.

"ఏదో అంటున్నారు మీతో," అంది శేషారత్నం, ఆయన మీదికి వంగి. "తిడుతున్నారో, ఏమిటో... నాకూ తెలియడం లేదు."

దశరథ జేబులో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. అతను గడప మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అననియ్యిండ్రి అమ్మా," అన్నాడు. "సారు అనేదాంక ఉంట."