అద్దాల బీరువాలో మా బోరు నీళ్లు

మీరే చేశారు. రంగుల ఫ్యాక్టరీవాడు కాదు. వాడు మా నోట్లో విషం పోస్తున్నాడని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. వాడు ఏనాడూ మా పక్కన కూర్చుని, మొహం జాలిగా పెట్టి, "చెప్పండమ్మా, వింటున్నాం" అనలేదు. అన్నది మీరు. జనంలోకి వెళ్లి పరిశోధన ఎలా చేయాలి, జనంతో కలిసి పాఠం ఎలా చెప్పాలి అని యూనివర్సిటీ మాస్టార్లకి శిక్షణ ఇస్తున్న మీరు, ఆ శిక్షణ తీసుకుంటున్న మీరు. మా వదిన ఇచ్చిన నీళ్ల సీసాని ఏం చేశారో మీ నోటితో మీరు చెప్పరు. అందుకని నేను చెబుతున్నా.

మాది ఆ ఫ్యాక్టరీ వెనక వీధి. నాకు సైకిళ్లు బాగుచేసే కొట్టుంది. గొంతు పెద్దదని వీధిలో అందరూ నన్ను మైకు అంటారు. మా వదిన బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. గట్టిగా ఒక మాట మాట్లాడదు, అయినా మా ఇంట్లో చెల్లేది ఆమె మాటే. వీధంతటికీ ఒకటే బోరు. ఫ్యాక్టరీ రెండో షెడ్డు వేసిన దగ్గర్నుంచీ ఆ నీళ్లలో ఉతికిన తెల్లబట్ట పచ్చబడుతోంది. పోన్లే అనుకున్నాం. తర్వాత మా అన్న కూతురి చేతులు పగలడం మొదలైంది. పిల్ల పెన్సిలు పట్టుకుంటే పెన్సిలుకి రక్తం. బడిలో దాని పక్కన ఎవరూ కూర్చోరు.

ఇప్పుడు ఫ్యాక్టరీ మూడో షెడ్డుకి అనుమతి అడిగింది. అభ్యంతరాలు వినే ఆఫీసరు వదినతో ఒకటే అన్నాడు: "అమ్మా, మీ ఏడుపు నేను ఫైల్లో రాసుకోలేను. నీళ్లలో ఏముందో ల్యాబువాళ్లు రాసివ్వాలి. అది తెస్తే ఆపుతాను."

ల్యాబు ఎక్కడుంది? యూనివర్సిటీలో. వెళ్తే గేటు దగ్గరే పనీ, ఫోన్ నంబరూ పుస్తకంలో రాయించుకుని ఆపేశారు. నేను ఎంత అరవాలో అంతా అరిచి వచ్చాను. అలాంటిది, ఆ యూనివర్సిటీ నుంచే ఫోనొచ్చింది.

"మా మాస్టార్లకి శిక్షణ జరుగుతోందండీ. మీ కష్టం మీ మాటల్లో చెప్పాలి. మీలాంటివాళ్ల దగ్గరే వాళ్లు నేర్చుకోవాలి," అంది ట్రైనింగ్ మేడం.

వదిన ఫోను పెట్టేసి కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. "చూశావా మైకూ? నువ్వు అంత గొంతు చించుకున్నా తెరవలేదు. ఇప్పుడు వాళ్లే పిలిచారు."

"పిలిచింది నేర్చుకోడానికట వదినా. పరీక్ష చేయడానికి కాదు."

"ఎవరికి మంచి జరిగినా నీకు కడుపునొప్పే. పో, ఆ గాజు సీసా వేడినీళ్లు పోసి శుభ్రంగా కడుగు."

కడిగాను. బోరు దగ్గర ఆమే నింపింది. మూత మీద యూనిఫారం ముక్క చుట్టి దారంతో కట్టింది.

మూడో అంతస్తులో చల్లటి హాలు. బల్లలు వేసి, బల్లకో మనిషిని కూర్చోబెట్టారు. ఒక బల్లకి మా వదిన, ఇంకోదానికి కాలువగట్టు గుడిసెల ముసలాయన, ఇలా. వీళ్లు కష్టాలు చెప్పాలి, మాస్టార్లు చుట్టూ చేరి వినడం ప్రాక్టీసు చేయాలి. మేడం చేతిలో గంట. అది మోగితే మాస్టార్లు లేచి పక్క బల్లకి పోతారు. మాట ఎక్కడుంటే అక్కడ తెగిపోవాల్సిందే.

"పిల్ల చేతులు చూసి వాళ్ల టీచరు ఏమందంటే..."

టింగ్. కుర్చీలు జరిగాయి. కొత్త మొహాలు వచ్చాయి. "నమస్కారమమ్మా, చెప్పండి." మళ్లీ బోరు దగ్గర్నుంచి మొదలు. మొదటిసారి చెప్పినప్పుడు వదిన ఏడ్చింది. తర్వాత తర్వాత ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేసింది. ఒక లావుపాటి మాస్టారు పక్కాయనతో గుసగుసగా, "ముందువాళ్ల దగ్గర ఏడ్చిందట. మనకి సరిగ్గా కుదరలేదు," అన్నాడు. నేను వెనకే నిలబడి ఉన్నాను. వదిన చూపు నా మీద పడింది కాబట్టి నోరు నొక్కుకున్నాను.

ఆఖర్న వచ్చినవాళ్లలో ఒక కళ్లజోడు మాస్టారున్నాడు. చిన్నవాడు, మెత్తటి మనిషి. వదిన సంచీలోంచి సీసా తీసి అతని చేతిలో పెట్టింది. "ఇవే బాబూ మా నీళ్లు. వీటిలో ఏముందో కనిపెట్టి చెప్పండి." అతను లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, అబద్ధం నేనెందుకు చెప్పాలి. "మీ నమ్మకం వమ్ము చేయనమ్మా," అన్నాడు.

"లేచి నిలబడి తీసుకున్నాడు, చూశావా?" దారి పొడుగునా వదినది అదే మాట.

విచారణ రోజున ఆఫీసరు ముందు ఎప్పుడూ లేనంత ధైర్యంగా మాట్లాడింది. "యూనివర్సిటీవాళ్లు పరీక్ష చేస్తున్నారు సార్. కావాలంటే కనుక్కోండి." ఆఫీసరు ల్యాబుకి ఫోను చేయించాడు. అలాంటి సీసా ఏదీ మా దగ్గరికి రాలేదన్నారు.

"అమ్మగారు కలలో ఇచ్చుంటారు," అన్నాడు ఫ్యాక్టరీ లాయరు. గదంతా నవ్వింది. పిల్ల ఆ గది బయట బెంచీ మీద, చేతులు ఒళ్లో దాచుకుని కూర్చునుంది.

"సోమవారానికి వాయిదా," అన్నాడు ఆఫీసరు. "అదే ఆఖరు. ఆరోజు ల్యాబు కాగితం లేకపోతే అనుమతి మీద సంతకం పెట్టేస్తాను. తర్వాత నన్ను అనొద్దు."

నేను అట్నుంచటే యూనివర్సిటీకి పోయాను. గేటువాడు నా మొహం చూసి ఈసారి పక్కకి తప్పుకున్నాడు. మూడో అంతస్తు వరండాలో అద్దాల బీరువా ఉంది. అందులో మా సీసా. వదిన చుట్టిన గుడ్డముక్కని ఇస్త్రీ చేసి మరీ చుట్టారు! పైన చిన్న లైటు. కింద అట్టముక్క మీద అందంగా రాశారు: ఒక తల్లి నమ్మకం. సీసా అడుగున పచ్చటి మడ్డి దిగి, లైటుకి మెరుస్తోంది.

"బాగుందాండీ?" అంటూ కళ్లజోడు మాస్టారు వచ్చాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"ఇది ల్యాబుకి ఎందుకు పోలేదు సారూ?"

అతని మొహం పాలిపోయింది. "జనం ఏదైనా చేతికిస్తే వెంటనే దాన్ని శాంపిలు కింద చూడకూడదని... అది వాళ్లని చిన్నబుచ్చడమని... ముందు గౌరవించాలని నేర్పారండీ."

అతని వెనకే వచ్చిన మేడం అందుకుంది. "మొదటి రోజు పాఠమే అది. మావాళ్లు ఇన్నేళ్లూ జనం దగ్గర దొరికిందల్లా పట్టుకొచ్చి కొలిచారు, మళ్లీ వాళ్ల మొహం చూడలేదు. మేం ఆ తప్పు చేయం. అయినా పరీక్షలు మా విభాగం కాదండీ."

"ల్యాబు ఎక్కడుంది మేడం?"

"కింద."

"ఎంత కింద?"

"ఈ కిందే."

మెట్లు దిగాను. ల్యాబు ఆయన నా మాట సగంలోనే తల అడ్డంగా ఊపాడు. "అన్నాళ్లు నిలవున్న నీళ్లు పనికిరావు. మేమే వచ్చి పట్టుకోవాలి. పైనున్న మాస్టార్లలో ఒక్కరు రాసి అడిగితే చాలు, మర్నాడే వస్తాం. రెండు రోజుల్లో ఫలితం ఇస్తాం. మాకు రోజూ ఉండే పనే."

ఒక్కరు! పైకెక్కి అదే చెప్పాను. కళ్లజోడు మాస్టారు మేడం వంక చూశాడు. మేడం గోడ వంక చూసింది. "శిక్షణ మధ్యలో అలా రాస్తే ఒకవైపు మొగ్గినట్టవుతుంది. నెలాఖరుకి అయిపోతుంది, అప్పుడు ఆలోచిద్దాం."

సోమవారం మీ నెలాఖరు దాకా ఆగుతుందా?

నిన్న మళ్లీ ఫోను. కొత్త బ్యాచి వచ్చిందట. వదిన చాలా బాగా చెబుతుందట, రావాలట. వస్తానంది.

"నీకు బుద్ధుందా వదినా?"

"నీ మైకు కట్టెయ్. రేపు నేనూ మాట్లాడను."

ఇవాళ పొద్దున్న అదే హాలు, అదే బల్ల. వదిన కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన ఇంకో ఖాళీ సీసా ఎదురుగా పెట్టింది. "చెప్పండమ్మా," అన్నారు మాస్టార్లు. చెప్పలేదు. "పాప చేతుల గురించి..." అంటూ ఒకావిడ అందించబోయింది.

"చెప్పడం అయిపోయింది," అంది వదిన. "ఒకరు కింద ల్యాబుకి రాసివ్వండి. మిగతావాళ్లు లేచి నాతో రండి. మా వీధి దగ్గరే."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఏమిటా అని వంగి చూస్తే, "మౌనం కూడా సమాధానమే" అని ఉంది. అప్పుడు, కొత్త బ్యాచికి సాయంగా గోడవార నిలబడ్డ కళ్లజోడు మాస్టారు ముందుకొచ్చాడు. సీసా చేతిలోకి తీసుకున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. క్యాపు కూడా ఊడదీశాడు.

టింగ్.

అతని చేయి ఆగింది. సీసా బల్ల మీద పెట్టేసి, అలవాటు కొద్దీ, అందరితో పాటు పక్క బల్లకి నడిచాడు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. మా బల్లకి కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నారు.

"నమస్కారమమ్మా, చెప్పండి."

వదిన లేచింది. "పద మరిదీ," అంది. సీసా అక్కడే వదిలేసింది.

ఆ సీసా మీ బల్ల మీదే ఉంది. ఇవాళ శుక్రవారం. బీరువాలో లైటు ఆర్పండి, అట్టముక్క చింపండి. మేడం కానీ, కళ్లజోడు కానీ, ఆ లావుపాటాయన కానీ, ఎవరో ఒకరు ఈ పూటే మెట్లు దిగి ల్యాబుకి రాసివ్వండి. రేపు పొద్దున్న మేం బోరు దగ్గర ఉంటాం. ల్యాబు ఆయన నీళ్లు పడుతుంటే పక్కన నిలబడండి, మా పిల్ల చేతులు మీ చేతుల్లోకి తీసుకుని చూడండి. సోమవారం ఆ కాగితం పట్టుకుని, వదిన పక్కన, ఆఫీసరు ముందుకి మీరే రండి. గంట మాత్రం తేకండి.