తోమేసిన పేరు

నన్ను తయారుచేసిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. నా ముందువైపు పగిలిన పత్తికాయ బొమ్మను అరచేతంత వేశారు. లోపలున్నది ప్రాణం తీస్తుందన్న మాటను మాత్రం చీమ కాలంత అక్షరాల్లో, అదీ నన్ను కొన్న కౌలురైతు ఓదేలుకు రాని భాషలో, వెనక్కి నెట్టారు. ఎవరు చదవాలని రాశారు? చీమలా?

నేను ఒక పురుగుమందు డబ్బాను. లీటరు పడతాను. మూత గట్టిది. ఆ గట్టి మూతే కొంప ముంచింది.

ఫ్యాక్టరీలో నన్ను నింపినవాళ్లకు మోచేతుల దాకా తొడుగులున్నాయి, ముఖానికి ముసుగుంది. నన్ను అమ్మిన దుకాణదారు ఆ ఊసే ఎత్తలేదు. "రెండు మూతలని రాసిన్రు గానీ నువ్వు మూడు పొయ్యి ఓదేలూ, పురుగు బతకొద్దు" అన్నాడు. ఓదేలు కౌలు పత్తిచేనులో నా సీలును పళ్లతో పీకాడు. డ్రమ్ములో పోసి, మజ్జిగ కలిపినట్టు ఒట్టి చేత్తో కలిపాడు. నాకు వణుకు పుట్టింది. ప్లాస్టిక్‌కు వణుకేమిటని నవ్వకండి. నా కడుపులో ఏముందో నాకు తెలుసు.

నేను ఖాళీ కాగానే అతని భార్య రాజవ్వ నన్ను ఎత్తుకుంది.

"మూత సూడు, ఎంత గట్టిగున్నదో! సుక్క కారది."

బోరు దగ్గర కూర్చుని బూడిదతో మూడుసార్లు తోమింది. అంటించిన కాగితాన్ని నానబెట్టి గీకి పారేసింది. నా పేరు బురదలో కొట్టుకుపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పోయిందని తేల్చేసి, తాగే నీళ్లు నింపింది. వాసన పోతే విషం పోతుందని ఈ మనుషులకు ఎవరు చెప్పారో! నా గోడలు తాగినదాన్ని ఏ బూడిద కక్కిస్తుంది?

ఎదురుగాలిలో మందు కొట్టీ కొట్టీ మధ్యాహ్నానికి ఓదేలు సాలులో కూలబడ్డాడు. నోట్లోంచి చొంగ. చొక్కా పిండితే చెంబెడు చెమట. కంటిపాప ఆవగింజంత అయింది.

"ఎండ గొట్టిందే... నీళ్లియ్యి."

"మొండి మనిషివి! తలకు తువ్వాల సుట్టుకోమంటే ఇన్నవా?" అంటూ రాజవ్వ నా మూత విప్పింది.

వద్దు రాజవ్వా, వద్దు! నాకు నోరుంది, మాట లేదు. అతని నోట్లోకి నన్ను వంచింది. రెండు గుటకలు మింగి మూడోది కక్కాడు.

ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు. డాక్టరమ్మ అతని కళ్లు చూడగానే, "పురుగుమందు కొట్టాడా? ఏ మందు? డబ్బా తెచ్చారా?" అంది.

రాజవ్వ నన్నే చాపింది. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నీళ్ల డబ్బా కదమ్మా. పేరేదీ?"

"నేనే గీకిన మేడం. సుబ్బరంగ తోమిన..."



ఇది నాలుగో రోజు. రసీదివ్వని దుకాణదారు అడిగితే గుర్తులేదన్నాడు; ఏ విషమో పేరు తెలియక, ఒంట్లో కనిపించేదాన్ని బట్టే సూదులు వేస్తున్నారు. ఓదేలు గొట్టంతో ఊపిరి తీసుకుంటున్నాడు. నేను మంచం కింద ఉన్నాను, మిగిలిన నీళ్లతో సహా. పారబొయ్యాలని ఎవరికీ తోచలేదు. పక్కన అడుగుల చప్పుడు వినబడితే చాలు, హడలి చస్తున్నాను.

ఇందాకే పక్క మంచం ముసలాయన అడిగాడు: "బిడ్డా రాజవ్వా, గా డబ్బాల నీళ్లున్నయా?"

కంపెనీవాళ్లూ, వినండి. హెచ్చరికను తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఏ బూడిదకూ పోకుండా నా ఒంట్లోకే అచ్చు పోయండి. తొడుగులు, ముసుగు నాతోపాటే ఇవ్వండి. అమ్మినవాడే ఖాళీ డబ్బాను వెనక్కి తీసుకునేలా సర్కారు వాడి మెడలు వంచాలి. ఇదంతా ఈ పంటకే జరగాలి, వచ్చే పంటకు కాదు.

కానీ ముసలాయన వంగి చెయ్యి చాపుతున్నాడు. రాజవ్వా, లే! ఆ నీళ్లు పారబోసి ముందు నాకు చిల్లు పెట్టు.