ముట్టుకుంటే పోయే హక్కు

తేలప్రోలు దాటగానే కారు రెండుసార్లు దగ్గి, ఓ కుదుపు కుదిపి రోడ్డు పక్కన ఆగిపోయింది. ఆ దగ్గు వినగానే ఖాజా మొహిద్దీన్‌కి జబ్బేమిటో తెలిసిపోయింది. పెట్రోలు ఫిల్టర్‌కి చెత్త పట్టింది. విప్పి, నోటితో ఊది, మళ్ళీ బిగిస్తే సరి. పది నిమిషాల పని. ఇరవై ఆరేళ్ళుగా బెజవాడ ఆటోనగర్‌లో ఇంజన్ల దగ్గులు వింటున్న చెవులవి.

తెల్ల లాల్చీ చేతులు పైకి మడుచుకుంటూ దిగాడు.

"ఆగు ఖాజా! ముట్టుకోకు!" అని కేక పెట్టాడు శ్రీనివాసరావు.

శ్రీనివాసరావు కాలేజీ లెక్చరరు. ఖాజా ఉండే వీధిలోనే అతని మేడ. ఏలూరులో బంధువుల గృహప్రవేశానికి భార్య త్రిపురసుందరితో బయల్దేరి, వీధి చివర దిక్కుతోచక నిలబడ్డ ఖాజాని చూసి ఎక్కించుకున్నాడు. ఆర్టీసీ సమ్మె మూడో రోజు. ఏలూరులో ఖాజా అక్క ఆమినాబీ తెల్లవారుజామున పోయింది. మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే, ఒంటిగంటన్నరకి మట్టి. తల్లి పోయాక ఖాజాకి అన్నం కలిపి పెట్టింది ఆ అక్కే. ఆమె ముఖం ఒక్కసారి చూడాలి, గోతిలో మూడు పిడికిళ్ళ మట్టి వెయ్యాలి. ఇప్పుడు పదకొండు కావస్తోంది.

శ్రీనివాసరావు డాష్‌బోర్డులోంచి చిన్న పుస్తకం తీశాడు. క్రెడిట్ కార్డుతో పాటు వచ్చిన పుస్తకం.

"మూడేళ్ళుగా ఫీజు కడుతున్నాను. ఇందులో ఏమేం ఉన్నాయో ఎవడూ చదవడు. విమానంలో పెట్టె పోతే పరిహారం, గోల్ఫు ఆట ఉచితం..."

"బెజవాడలో గోల్ఫు ఎక్కడ ఆడతారండీ, బ్యారేజీ మీదా?" అంది వెనక సీట్లోంచి త్రిపురసుందరి.

"...దారిలో బండి ఆగితే ఉచితంగా మెకానిక్కు. పద్దెనిమిదో పేజీ. కంపెనీ పంపని మనిషి చెయ్యి వేశాడో, ఆ హక్కు పోయినట్టే."

"సార్, పది నిమిషాలు. నేను చేశానని ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరూ ముట్టుకోలేదని నేను సంతకం పెట్టాలయ్యా. అబద్ధం రాయమంటావా?"

ఏడో తరగతిలో బడి మానేసినవాడు పద్దెనిమిదో పేజీతో ఏం వాదిస్తాడు? పైగా ఎక్కింది వాళ్ళ కారు. చదువుకున్నవాళ్ళ ఉపకారం ఇలాగే ఉంటుంది. దాంట్లోంచి దిగడానికి తలుపుండదు.

ఖాజా రోడ్డెక్కి చెయ్యి ఊపాడు. లారీల నెత్తిన జనం, ఆటోల వెనక వేలాడుతూ జనం. ఒక్కటీ ఆగలేదు.

వచ్చిన ఫోనుకి కూడా డబ్బులు కట్టే రోజులవి. అయినా శ్రీనివాసరావు సెల్‌ఫోన్లో కార్డు కంపెనీ అమ్మాయితో తీరిగ్గా ఇంగ్లీషులో మాట్లాడాడు. ముప్పావుగంటలో వస్తారంది. గంట దాటింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ ముప్పావుగంటే. పన్నెండున్నర దగ్గర పడుతుండగా ఫోను మోగింది.

"ఏ గ్యారేజీ అన్నారూ? కృపానందం మోటార్ వర్క్సా?"

ఖాజా ఉలిక్కిపడ్డాడు. తను పనిచేసేది అక్కడే. దారిలో ఆగిన బండి దగ్గరికి పంపితే వెళ్ళడమే గానీ, పని ఏ కంపెనీ ఇచ్చిందో ఎప్పుడూ అడగలేదు. ఫోను దాదాపు లాక్కున్నాడు.

"అన్నా, నేను, ఖాజాని. ఆ బండి ముందే నిలబడి ఉన్నా!"

"ఓరి నీ! గన్నవరం లైను నీదే కదా, నువ్వు లీవులో పోతివి. ఉన్న ఇంకో మెకానిక్కు సొలొమోను బందరు నుంచి రావాలి. వచ్చాక పంపుతా," అన్నాడు గ్యారేజీ యజమాని కృపానందం.

"నేను చేసేస్తానన్నా."

"లీవులో ఉన్నోడు చేస్తే కార్డు కంపెనీ బిల్లు పాస్ చెయ్యదు. డ్యూటీలో ఉన్నోడి పేరు ఎక్కాలి."

"అయితే నా లీవు కేన్సిల్ చెయ్యన్నా."

అవతల కృపానందం రిజిస్టరు తీసిన చప్పుడు. "నీ ఇష్టం. ఎక్కిస్తున్నా మరి. షీటు మీద ఆ సారు సంతకం రేపు పెట్టించు."

శ్రీనివాసరావు ముఖం వికసించింది. "చూశావా? రూలు ప్రకారం పోతే అన్నీ వాటంతటవే కుదురుతాయి!"

ఖాజా ఫిల్టర్ విప్పాడు, ఊదాడు, బిగించాడు. నోట్లో పెట్రోలు చేదు, లాల్చీ మీద నల్ల మరక. కారు కిక్కురుమనకుండా కదిలింది. పన్నెండు నలభై. ఏలూరుకి ఇంకో అరగంట, మహా అయితే ముప్పావు. అక్క ముఖం కళ్ళ ముందు కదిలింది.

హనుమాన్ జంక్షన్ వస్తుండగా మళ్ళీ ఫోను. "నీకేనయ్యా," అని అందించాడు శ్రీనివాసరావు.

"ఖాజా, హనుమాన్ జంక్షన్ సెంటర్లో ఇంకో కార్డు బండి ఆగిందంట. తెల్ల మారుతి ఎస్టీమ్. చూసి పో."

"అన్నా! అక్క మట్టికి పోతున్నానన్నా!"

"లీవు కేన్సిల్ చెయ్యమంది ఎవరు, నేనా? డ్యూటీలో నీ పేరు ఎక్కించేశా. కాదంటే కార్డు కంపెనీ కాంట్రాక్టు పోద్ది. కాంట్రాక్టు పోతే నువ్వూ రేపట్నించి రావక్కర్లేదు."

ఫోను కట్. ఎదురుగా తెల్ల ఎస్టీమ్ బానెట్టు ఎత్తి ఉంది. పక్కన ఒకాయన రుమాలు ఊపుతున్నాడు. శ్రీనివాసరావు కారు దానంతటదే ఆగినట్టు ఆగింది.

"పోనివ్వండి సార్," అన్నాడు ఖాజా.

"అలా ఎలా అయ్యా? ఆయనా నాలాగే ఫీజు కట్టినవాడు. ఎంతసేపటి నుంచి ఎండలో ఉన్నాడో."

"ఏమండీ, పాపం వాళ్ళక్క..." అంది త్రిపురసుందరి.

"చిన్న పనైతే ఆగుదాం. చూసి రా ఖాజా."

ఖాజా వెళ్ళి ఇంజన్లోకి వంగాడు. టైమింగ్ బెల్టు తెగింది. కొత్తది బెజవాడ నుంచి రావాలి. అది వచ్చినా రెండు గంటల పని. తల ఎత్తి, చిన్న పని కాదన్నట్టు శ్రీనివాసరావు వైపు అడ్డంగా ఊపాడు. కారులో మొగుడూ పెళ్ళాం ఏదో వాదించుకున్నారు. తర్వాత శ్రీనివాసరావు చెయ్యి బయటపెట్టి, వెళ్తున్నామన్నట్టు ఊపాడు. కారు ఏలూరు రోడ్డెక్కింది.

"ఏమయ్యా, ఎంతసేపు?" అన్నాడు ఎస్టీమ్ ఆయన.

ఖాజా ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి వెళ్ళి అక్క ఇంటి పక్కవాళ్ళ నంబరు తిప్పాడు. కాసేపటికి అక్క కొడుకు తౌఫీక్ లైన్లోకి వచ్చాడు. వెనక ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది.

"మామూ! ఎక్కడున్నారు? ఇమామ్‌గారు అడుగుతున్నారు. ఇంకో గంట ఆపమంటారా?"

గంట చాలదు. ఎన్ని గంటలు చాలుతాయో చెప్పడానికి అక్క మట్టి ఇంజను పని కాదు.

"వద్దురా. ఆపొద్దు. మట్టి ఇచ్చెయ్యండి."

"అదేంటి మామూ? ఎక్కడున్నారసలు?"

"డ్యూటీలో ఉన్నాన్రా," అన్నాడు ఖాజా.