కొయ్యలకు అవతల

వీపు మీది లావుపాటి ఆవిడను గట్టున దించి, ఆర్ముగన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆవిడ ముందు గౌను అంచు చూసుకుంది, తర్వాత బూట్లు చూసుకుంది. ఒక్క చుక్క బురద కూడా పడలేదని రూఢి చేసుకుని, "బతికిపోయాను నాయనా" అంటూ రోటీ కొట్టు వైపు నడిచింది. అతను అప్పటికే మళ్ళీ నీళ్ళలోకి తిరిగాడు. పడవలో ఇంకా ఇద్దరు మనుషులు, బియ్యం బస్తాలు, ఒక కోడిపుంజు మిగిలి ఉన్నాయి.

మా రేవులో పడవలు ఒడ్డు దాకా రావు, బురద రానివ్వదు. ఒకప్పుడు చెక్కవంతెన ఉండేది. అది కూలిపోయింది. కొత్తది కట్టిస్తామని ప్రతి ఎన్నికలకీ వచ్చి చెప్పి వెళ్తారు. అందుకని నదికీ నేలకీ మధ్య ఆర్ముగనే వంతెన. ఆడవాళ్ళను ఉప్పుమూటలా వీపున వేసుకుంటాడు, మగవాళ్ళను భుజాలకెత్తుకుంటాడు, బస్తాలను నెత్తిన పెట్టుకుంటాడు. మనిషి పొడుగు, సన్నం. భుజాల మీద చర్మం కాయలు కాసి నల్లగా గట్టిపడింది. పిక్కలు చేప పొలుసుల్లా పగిలాయి. బురదను పట్టుకుని పట్టుకుని కాలివేళ్ళు ఎడమెడంగా విచ్చుకున్నాయి. ఆ పొడుగు చూసే అందరూ టాల్‌బాయ్ అంటారు. అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. మా దగ్గర ఎవరి అసలు పేరైనా చనిపోయినరోజు రేడియోలో చెప్పినప్పుడే బయటపడుతుంది.

పాత వంతెన కొయ్యలు కొన్ని ఇంకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. తుఫానులకు విరిగి, నత్తలు పట్టి, ఒక వరసలో తలలు మాత్రం కనిపిస్తాయి. ఆ కొయ్యలకు ఇవతల గయానా, అవతల సూరినామ్. ఎక్కడైనా నదిని నడిమధ్య పంచుకుంటారు. మా కోరెంటైన్ నదికి ఆ యోగం లేదు. రెండు వందల ఏళ్ళ కిందట, ఈ బురదలో కాలు పెట్టారో లేదో తెలియని ఇద్దరు గవర్నరు దొరలు కూర్చుని, నీళ్ళన్నీ అవతలి సీమవి, ఒడ్డు మాత్రం ఇవతలిది అని అనుకున్నారు. ఆ తర్వాత దొరలు మారారు, జెండాలు మారాయి, చివరికి ఉన్నవాళ్ళు కూడా ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఆ గీతను మాత్రం మా గుమ్మంలో వదిలిపోయారు. రెండు ప్రభుత్వాలూ దాని మీద ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. మాకు వాదించే తీరిక లేదు. కాళ్ళు కడుక్కోవడానికి రెండడుగులు ఎక్కువ దిగితే పరాయి దేశం.

ఆర్ముగన్‌కు ఒకప్పుడు సొంత పడవ ఉండేది. నీలం రంగు పడవ. తన వంటింటి పొగ కనిపించేంత దగ్గర్లో వల వేసుకుంటుంటే అవతలి గస్తీవాళ్ళు వచ్చి, మా నీళ్ళలో పట్టడానికి నీకు అనుమతి ఏదని అడిగి, పడవను లాక్కుపోయారు. అతన్ని కూడా కొన్నాళ్ళు లోపల ఉంచారు. అతను తిరిగొచ్చాడు గానీ పడవ రాలేదు. అప్పట్నుంచి మోత పని. పడవలు ఆగే చోటు కొయ్యలకు కొంచెం అవతలే. నడుం లోతు దాకా వెళ్తే రెండు వైపుల పోలీసులూ చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఆ నడుం లోతు దాటి అతను ఒక్కనాడూ పోలేదు, మళ్ళీ పడవెక్కలేదు. రోజంతా మనుషుల్ని దేశాలు దాటించే మనిషి, తనేమో కట్టేసిన ఆవులా తాడున్నంత మేరే తిరిగాడు.

పడవ నజీమ్‌ది. ఆఖరి బస్తా నెత్తికెత్తుతూ నజీమ్ గొంతు తగ్గించాడు.

"బాబాయ్, మధ్యాహ్నం నీ చెల్లెల్ని తెస్తున్నా."

ఆర్ముగన్ బస్తాతో అలాగే ఆగిపోయాడు. "డాక్టరేమన్నాడు?"

"ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. సుర్సతీ పిన్నేమో, ఏ ఇంటికిరా, మొగుడు లేడు, పిల్లల్లేరు, మా అమ్మను కాల్చిన ఒడ్డుకు తీసుకుపో అంది. మా అన్నకి మొయ్యడం తప్ప ఇంకేం చేతనవును, ఈ ఒక్క మోత మొయ్యమను అంది."

"నోరు మాత్రం తగ్గలేదు దానికి."

"నవ్వకు బాబాయ్. దారిలో ఏమన్నా అయిందనుకో, నీ పడవకు పట్టిన గతే నా పడవకీను. ఇంట్లో తెలిస్తే నన్ను తన్నేట్టున్నారు."

"మరి వద్దనకపోయావా?"

"వద్దనే మొహం ఎక్కడిది? చిన్నప్పుడు అవతలి ఒడ్డుకు, నికెరీ వెళ్ళినప్పుడల్లా ఆవిడ చేతి రోటీయేగా తిన్నా."

ఆర్ముగన్ ఇంటికి వెళ్ళి, పరుపు తీసి ఎండలో వేశాడు. భార్య పోయాక ఆ పరుపు ఎండ మొహం చూడలేదు. పప్పూ అన్నం గిన్నెలో వేసుకుని, నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు. మిగిలింది కుక్కకు పెట్టి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

సుర్సతీ పెళ్ళినాడు కూడా ఆమెను అతనే మోశాడు. పెళ్ళిచీరకు బురద అంటకూడదని ఉప్పుమూట ఎక్కించుకుని పడవ దాకా తీసుకుపోయాడు. అమ్మ ఆమె చేతికి తన ఇత్తడి చెంబు ఇచ్చింది. మా వాళ్ళలో పెళ్ళికూతురి కాళ్ళు కడిగినా, పోయినవాళ్ళ నోట్లో ఆఖరి నీళ్ళు పోసినా ఇంటి చెంబుతోనే. వేరేది పనికిరాదు. ఆ చెంబుతో దారంతా అన్న నెత్తి మీద దరువు వేస్తూ నవ్వింది. కొయ్యలు రాగానే నవ్వు ఆపి, "ఇక్కడితో మనది అయిపోయిందా అన్నయ్యా?" అని అడిగింది. అతను ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

పోటు నిలబడి నీళ్ళు తీయడం మొదలైన వేళకు నజీమ్ పడవ వచ్చింది. సుర్సతీ పడవ అడుగున దుప్పటి మీద పడుకుని ఉంది. కాళ్ళు వాచి నిగనిగలాడుతున్నాయి. మొహం మాత్రం పిడికెడైపోయింది. కుడిచేతిలో ఆ చెంబు.

"లేపగలవా? ముసలాడివైపోయావు."

"మాట్లాడకుండా మెడ పట్టుకో."

నజీమ్ సాయం పట్టి ఆమెను వీపుకెక్కించాడు. ఎండిన కొబ్బరిమట్టంత బరువు కూడా లేదు. బస్తాలు మోసే మనిషికి ఆ తేలికే మొయ్యలేనట్టు అనిపించింది. నడుం లోతులో అడుగు తీసి అడుగు వేశాడు.

"నెత్తి మీద దరువెయ్యనా?" అంది చెవి దగ్గర.

"వెయ్యి. జుట్టు లేదుగా, బాగా మోగుతుంది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు దగ్గయి, దగ్గు ఆయాసమైంది. "ఇంకా ఎంత దూరం?"

"కొయ్యల దాకా."

"కొయ్యల దాకా చాలు. తర్వాత మనదేగా."

"మనదే."

"అమ్మ చెంబుతో పొయ్యి నాకు నీళ్ళు. ఆ రోటీ కొట్టు ప్లాస్టిక్ గ్లాసుతో పోస్తే లేచొచ్చి తంతా."

"అలాగేనమ్మా."

కొయ్యలు ఇంకా నాలుగు బారల దూరం ఉన్నాయి. పక్కన బుడుంగుమని చప్పుడైంది. ఇత్తడి తళుక్కుమని నీళ్ళలోకి పోయింది.

"పడేశావా? ఉండు, నీళ్ళు తీశాక నేను తెస్తాలే," అన్నాడు.

ఆమె గడ్డం అతని భుజం మీద, కాయ కాసిన చోట, ఆనింది. మెడ చుట్టూ ఉన్న చేతులు వదులయ్యాయి. వాటిని తన ఒక్క చేత్తో కలిపి పట్టుకున్నాడు. అతనికి తెలిసింది. తెలిసీ తెలియనట్టు నడిచాడు. ఒడ్డున మనుషులు చూస్తున్నారు, వాళ్ళలో మా వైపు పోలీసు, సార్జంట్ గ్రిఫిత్ కూడా ఉన్నాడు. అందుకని గొంతు పెంచి, "ఇదిగో కొయ్యలు... ఇదిగో దాటాం... పరుపు ఎండలో వేశానే," అంటూ గట్టు దాకా చెల్లెలితో మాట్లాడుతూనే వచ్చాడు.

రోటీ కొట్టు ముందు బల్ల మీద పడుకోబెట్టాడు. సార్జంట్ వంగి ఆమె మణికట్టు పట్టుకుని చూసి, టోపీ తీశాడు. చెడ్డవాడేం కాదు. ఈ రేవులో ఆ ఉద్యోగం చేయడమే కష్టం.

"టాల్‌బాయ్, ఒళ్ళు దగ్గర పెట్టుకుని జవాబు చెప్పు. ఎక్కడ పోయింది?"

ఆర్ముగన్ వంగి చెల్లెలి తడి బట్టల అంచు పిండాడు.

"అవతలివాళ్ళు అప్పుడే ఫోన్ చేశారు. చావుబతుకుల్లో ఉన్న మనిషిని పాస్‌పోర్టులో ముద్ర లేకుండా దాటించారట. నీళ్ళలో పోతే అది వాళ్ళ కేసు. శవాన్ని తిప్పి పంపాలి. కోస్తారు, కాగితాలయ్యే దాకా ఐసు పెట్టెలో పెడతారు. నజీమ్ పడవ కూడా పోతుంది. నేల మీద పోతే నా కేసు. ఇప్పుడు చెప్పు."

నీలం పడవ పోయిననాటి నుంచి ఆర్ముగన్ యూనిఫాం కనిపిస్తే వణికేవాడు. అడిగిందానికల్లా ఉన్నదున్నట్టు చెప్పి బతికాడు. ఇప్పుడు కూడా వణుకుతూనే ఉన్నాడు. కానీ బల్ల మీద చెల్లెలి వాచిన కాళ్ళు కనిపిస్తున్నాయి.

"ఇక్కడే సార్. కొయ్యలు దాటాక. గట్టున కూర్చోబెట్టా. దాహమంది, నీళ్ళు తాగించా."

"దేంతో తాగించావు?"

ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. అతని బుర్రలో అప్పుడు ఒక్కటే వస్తువు ఉంది.

"చెంబుతో సార్. మా అమ్మ చెంబు."

"తాగాక ఏమంది?"

"మనదేనా అంది సార్. మనదేనమ్మా అన్నాను." ఆ మాటతో అతని మొహం ముడుచుకుపోయింది. పెద్దగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సార్జంట్ అంతా రాసుకుని, చివర సంతకం పెట్టించుకున్నాడు.

సాయంత్రానికి నీళ్ళు బాగా వెనక్కి తీశాయి. రేపు ఉదయం ఒడ్డునే, అమ్మను కాల్చిన చోటే చితి. కట్టెలు దింపుతున్నారు. రేడియోలో ఆమె అసలు పేరు, అన్న అసలు పేరు చదివారు. టాల్‌బాయ్ పేరు ఆర్ముగనా అని కొందరు ఆశ్చర్యపోయారు. ఇంట్లో ఆడవాళ్ళు స్నానం చేయించి, ఆఖరి నీళ్ళు పోయడానికి చెంబు కోసం వెతికారు. కనిపించక అతన్ని అడగడానికి రేవుకు కబురంపారు.

అతను గట్టున నిలబడి ఉన్నాడు. కొయ్యలు మొదళ్ళ దాకా బయటపడ్డాయి. వాటికి అవతల బురద మీద, అందరి కళ్ళకూ కనిపించేలా, చెంబు పచ్చగా మెరుస్తోంది. ఇంకొంచెం అవతల, లోతులో, అవతలివాళ్ళ గస్తీ పడవ లంగరు వేసుకుని ఉంది. దాని మీద ఒకడు దుర్భిణి పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

పట్టుమని యాభై అడుగులు లేవు. రోజూ నడిచే దారే. ఇప్పుడు వెళ్ళి దాన్ని చేతిలోకి తీసుకుంటే, ఒడ్డున నీళ్ళు తాగించిన చెంబు అక్కడికెలా పోయిందని ఎవడైనా అడుగుతాడు. తీసుకోకపోతే ఆమెకిచ్చిన మాట పోతుంది. అతని కాళ్ళు రెండుసార్లు బురద దాకా వెళ్ళి ఆగాయి.

సార్జంట్ గ్రిఫిత్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ మెరుపు వైపు చూశాడు, తర్వాత గస్తీ పడవ వైపు చూశాడు.

"ఏదో నూనె డబ్బా కొట్టుకొచ్చినట్టుంది," అన్నాడు చివరికి.

ఆర్ముగన్ కాలివేళ్ళతో గట్టు మట్టిని గట్టిగా పట్టుకున్నాడు.

"డబ్బానే కదా టాల్‌బాయ్?"

"డబ్బానే సార్."

"దాని జోలికి ఎవర్నీ పోనివ్వకు. నువ్వు కూడా పోకు." అని అతని భుజం మీద చెయ్యి వేసి, తీసి, వెళ్ళిపోయాడు.

ఆర్ముగన్ రోటీ కొట్టు దగ్గర ఆగి, ఒక ప్లాస్టిక్ గ్లాసు అడిగి తీసుకుని, ఇంటి వైపు నడిచాడు. లేచొచ్చి తన్నవే అని దారిలో రెండుసార్లు పైకే అన్నాడు. వెనకాల పోటు మళ్ళీ మొదలైంది. కొయ్యలకు అవతల, పక్కకు ఒరిగిన చెంబులోకి నది కొంచెం కొంచెంగా నిండుతోంది.