వరుసలో మొదటి డ్రమ్ము

నేనొక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మును. పుట్టింది సముద్రాల అవతల. ఉప్పునీళ్ళలో ఊరిన ఆలివ్ కాయలు నింపి నన్ను ఓడెక్కించారు. హైదరాబాదులో ఒక పెద్ద హోటలువాళ్ళు కాయలు తీసుకుని నన్ను పాత సామాన్ల కొట్టుకు తోలేశారు. అక్కడ నన్ను కొన్న సాలమ్మ, ఆ వాసన వదిలేదాకా మూడు రోజులు చింతపండుతో తోమింది. నా ఒంటి మీది విదేశీ అక్షరాలు మాత్రం వదల్లేదు. ఏం రాసుందో బస్తీలో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

సాలమ్మది అద్దాల ఆఫీసుల ముందు ఇడ్లీ బండి. మా బస్తీకి రెండు రోజులకోసారి నీళ్ళ ట్యాంకరు వస్తుంది, అదీ ముందున్న సగం మందికే సరిపోతుంది. గంటల తరబడి నిలబడే తీరిక ఎవరికుంది? అందుకే మనుషుల బదులు మేం నిలబడతాం. పగిలిన బకెట్టు, నూనె డబ్బా, ఏమీ లేనివాళ్ళకు ఒక రాయి. ఆ గురువారం మొదటి చోటు నాదే. ఇంట్లో మిగిలిన నీళ్ళతో మినప్పప్పు నానబోసి, నా మీద భారం వేసి సాలమ్మ బండి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు దొరక్కపోతే పప్పు పాడవుతుంది, మర్నాడు బండీ ఉండదు.

పది గంటలకు అద్దాల ఆఫీసు నుంచి ఒకే రకం చొక్కాలతో పాతికమంది దిగారు. బస్తీని శుభ్రం చేసే సేవా దినమట. దారి పొడుగునా రాళ్ళు, డొక్కు డబ్బాలు చూసి వాళ్ళకు మా మీద జాలేసింది. ఎంత శ్రద్ధగా ఏరారో! గంటలో వరుసంతా కుప్పయింది. నన్ను మాత్రం గోడకు చేర్చి, ‘చెత్త ఇందులో వేయండి’ అని తెల్ల రంగుతో రాసి, పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

అంతలో ట్యాంకరు హారన్ మోగింది. ఆడవాళ్ళు పరుగున వచ్చారు. చూస్తే వరుస లేదు. సాలమ్మా లేదు.

“మొత్తం క్లీన్ చేసేశాం ఆంటీ” అన్నాడొక చొక్కా కుర్రాడు సంబరంగా.

ఇక జుట్లు పట్టుకుంటారనుకున్నాను. మా పక్కింటి ఖైరున్ గొంతు లేచింది. “ఆగుండ్రి. నా ముంగట సాలక్క డ్రమ్ము. నా ఎనక ఎల్లవ్వ రాయి. ఎల్లవ్వా, నీ ఎనక ఎవరు?”

“పోశవ్వ నూనె డబ్బా.”

అలా ఒకరిని చూసి ఒకరు, ఈసారి మనుషులే వరుసయ్యారు. ఖైరున్ ముందు మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

“ముందు ఎవరూ లేరు గదా, నువ్వే పట్టుకో. నాకింకో బస్తీ ఉన్నది” అన్నాడు డ్రైవరు.

“ఉన్నది. వస్తది. ఆగు.”

వచ్చింది! చేతులకు పిండి, కాలికి ఒకే చెప్పు. ఆ కుర్రాడే నన్ను ఎత్తి తెచ్చి ఖాళీ చోట్లో పెట్టాడు. పైపు నాలోకి దూకింది. అంత ఆనందం నాకు ఓడ మీద కూడా కలగలేదు.

ఆ తెల్ల అక్షరాలు ఇప్పటికీ నా మీద ఉన్నాయి. ఇవి బస్తీలో అందరూ చదవగలరు. అయినా ఇన్నేళ్ళలో ఒక్క కాగితం ముక్క కూడా నాలో పడలేదు.