ఉప్పుకుప్ప మీద డెల్మో

గర్బీనో గాలి వీచిన రోజున, సముద్రపొడ్డున ఉప్పు పండించే మా చెర్వియాలో ఎవరి బుర్రా వాళ్ళ అధీనంలో ఉండదు. కొండల మీంచి పొయ్యి సెగలాగా దిగుతుందా గాలి. వెనకటికో గర్బీనో రోజున మా ఫాదిరీ ఒకే బిడ్డకి రెండుసార్లు పేరు పెట్టాడు, రెండోసారి ఆడపేరు. ఆ బిడ్డే పెద్దవాడై, మీసాలు పెంచుకుని ఇప్పటికీ చేపల బజారులోనే ఉన్నాడు, కావాలంటే వెళ్ళి చూసుకోవచ్చు. ఆ వేడికి గంపల్లో కోడిగుడ్లు ఉడికిపోయాయని కూడా చెబుతారు గాని అది అతిశయోక్తి. పూర్తిగా ఉడకలేదు, లోపల సొన కాస్త జారుగానే ఉందట.

ఉప్పుమళ్ళలోకి యంత్రాలు ఇంకా రాని కాలం. సెప్టెంబరు ఆఖర్న అలాంటి గాలిలో నేవియో బస్సు దిగాడు. నేవియో మా ఊరి అల్లుడు. పుట్టింది కొండల్లో, బతుకుతున్నది బొలోన్యాలో, చేసేది గడ్డాలు గీసే పని. చలికాలంలో పందిని కోసుకునే ముందు ఏటా ఒక బస్తా ఉప్పు కోసం భార్య దెర్నాకి అన్న అయిన డెల్మో ఇంటికి వస్తాడు. నీళ్ళంటే చచ్చేంత భయం. సముద్రానికి వీపు పెట్టి కూర్చుని మరీ చేపలు తింటాడు.

డెల్మో భార్య జెలిందా పెనం మీద రొట్టె కాలుస్తూ కనిపించింది. రొట్టె ఒక పక్క మాడిపోతున్నా ఆమె చూపు కిటికీ బయటే ఉంది.

“రా తమ్ముడూ. మీ బావ మళ్ళల్లోనే ఉన్నాడు. ఇవాళ మన ఉప్పుకుప్ప కొట్టుకి చేర్చే వంతు, పడవ కోసం కాసుకుని కూర్చున్నాడు.”

“వాన పడుతుందేమో అక్కా! కొండల వైపు మబ్బు కాటుక పూసినట్టుంది. బస్సులోంచి చూశాను.”

“ఆ మాట ఆయనతో అను, తంతాడు. పొద్దున్నే కిటికీలో పెట్టిన ఉప్పు తడిమి చూశాడు. గలగలలాడిందట. ‘ఉప్పు చెమర్చలేదే, ఇవాళ నీళ్ళ భయం లేదు’ అని ఈల వేసుకుంటూ పోయాడు.”

“మరి నీ మొహం అలా ఉందేం?”

జెలిందా మాడిన రొట్టె తిరగేసింది. “కొంగలు లేవు తమ్ముడూ. నిన్న సాయంత్రం దాకా మళ్ళ నిండా ఉన్నాయి. పొద్దున లేచి చూస్తే ఒక్కటీ లేదు. ఈ రొట్టెలు పట్టుకెళ్ళి ఆయనకివ్వు. ఎలాగైనా వెంటబెట్టుకురా. నేను చెబితే వినడు.”

రొట్టెల మూట చంకన పెట్టుకుని నేవియో గట్టు వెంట నడిచాడు. తల మీద ఆకాశం నీలంగా, ఒక్క మరక లేకుండా ఉంది. మళ్ళల్లో నీళ్ళు ఎర్రగా, కదలకుండా పడి ఉన్నాయి. పక్క మళ్ళవాళ్ళ కుప్పలు ఎప్పుడో పడవెక్కి కొట్లకి పోయాయి కాబట్టి కనుచూపు మేర మనిషి లేడు. గట్టు మీద మాత్రం ఎలుకలు. పొలాల ఎలుకలు, పిల్లల్ని నోట కరుచుకుని, సముద్రం వైపుకి బారుగా పోతున్నాయి. ఒకటి నేవియో బూటు మీద ఎక్కి దిగిపోయింది. మనిషి అడ్డున్నాడన్న స్పృహే లేదు దానికి.

పక్కనున్న కాలువని చూసి నేవియో ఆగిపోయాడు. కాలువ నిండుగా, బురద రంగులో, కొండల వైపు నుంచి సముద్రం వైపుకి పరుగెడుతోంది. ఆ నీళ్ళలో పచ్చటి ముళ్ళ ఉండలు గుంపులు గుంపులుగా కొట్టుకొస్తున్నాయి. చెస్ట్‌నట్ కాయలు, ముళ్ళతొడుగు ఇంకా విడవనివి. ఈ పల్లంలో ఆ చెట్టు ఒక్కటి కూడా లేదు. అది తన చిన్ననాటి కొండల చెట్టు. పచ్చికాయ తనంత తాను రాలదు, చెట్టే కూలితే తప్ప.

నేవియో మిగిలిన దూరం పరుగెత్తాడు.

డెల్మో తన కుప్ప పక్కన చెక్కపార ఆనుకుని, పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు. కుప్ప మనిషిన్నర ఎత్తుంది. వేసవి చాకిరీ మొత్తం అదే.

“కొండమేక దిగిందిరోయ్!” అని అరిచాడు. “గిట్టలు జారతాయి, మెల్లిగా రా బావా!”

“బావా, పద ఇంటికి. కాలువ పొంగుతోంది.”

“పొంగనీ. పడవ రాకుండా కుప్పని వదిలి వస్తానా? ఉర్బానో సంగతి మరిచిపోయావా?”

ఉర్బానో సంగతి ఊళ్ళో మరిచినవాళ్ళు లేరు. పడవ వచ్చేదాకా తన కుప్పని విడిచి కదలకూడదన్నది ఉప్పువాళ్ళ పట్టింపు. పాపం ఉర్బానో పన్ను నొప్పి భరించలేక ఒక్క పూట ఇంటికి పోయాడు. ఆనాటి నుంచి అతన్ని ‘పీటల మీద పెళ్ళికూతుర్ని వదిలేసినవాడు’ అనే పిలిచారు. చచ్చిపోయిన రోజున కూడా, శవపేటిక మోస్తూ ఎవడో అన్నాడు: “మెల్లిగా మోయండర్రా, మధ్యలో లేచిపోతాడు.”

“నన్నూ అలా అనిపించుకోమంటావా?” అన్నాడు డెల్మో.

“కొండల్లో చెట్లు కూలుతున్నాయి బావా. చెస్ట్‌నట్ కాయలు కొట్టుకొస్తున్నాయి. అక్కడ పెద్దవాన పడుతోంది.”

“కొండల్లో పడితే కొండలే తడుస్తాయి. నా ఉప్పు చెమర్చలేదు. మా తాత కాలం నుంచి మా కిటికీలో ఉప్పు అబద్ధం చెప్పలేదు.”

ఉప్పు నిజంగానే అబద్ధం చెప్పలేదు. తన నెత్తి మీది ఆకాశం సంగతి అది చెప్పింది. ఎక్కడో కొండల సంగతి దాన్ని అడిగినవాడెవడు? మా ఉప్పువాళ్ళు పుట్టింది మొదలు సముద్రం వైపే చూస్తారు. ఏరు మా వీపు వెనకాల ఉంటుంది.

ఉన్నట్టుండి గర్బీనో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో దూరంగా రైలు వస్తున్నట్టు మోత. అటు వైపున రైలు పట్టాలు లేవు. మళ్ళ చివర గట్టు ఒక చోట కుంగింది, నానిన రొట్టె ముక్కలాగా. అక్కణ్ణించి మట్టిరంగు నీళ్ళు ఒక్కో మడినీ దాటుతూ, తొందరేమీ లేనట్టు వచ్చాయి.

“సముద్రం పోటు!” అన్నాడు డెల్మో. భయపడలేదు సరికదా, చకచకా కుప్ప పైకి ఎక్కాడు. “పైకి రా బావా! ఉప్పునీళ్ళు ఉప్పుని తినలేవు. ఇలాంటి పోటులోనే మా నాన్న కుప్ప మీద కూర్చుని భోంచేశాడు. దీవి మీద ఉన్నట్టు ఉంటుంది.”

ఒక కేక దూరంలో ఉప్పు కావలివాళ్ళ ఇటుక గది ఉంది, దానికి ఇనప నిచ్చెన ఉంది. నేవియో అటు చూశాడు. ఇంకా మోకాళ్ళ లోతు కూడా లేదు, పరుగెడితే చేరుకోవచ్చు. కాని డెల్మో?

“దిగు బావా! నీకు దండం పెడతాను. నువ్వు లేకుండా పోతే దెర్నా నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?”

“మా చెల్లెలు నిన్ను ఎలాగూ తొక్కనివ్వదు. నీ మొహానికి గుమ్మం ఎక్కువ. ఎక్కు పైకి!”

నేవియో కుప్ప మీదికి సగం ఎగబాకి డెల్మో కాలు అందుకోబోయాడు. డెల్మో ఆ కాలు విదిలించుకున్నాడు. నేవియో వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. మునిగాడు, గుటకలు మింగాడు, ఎలాగో లేచాడు. చెవుల్లోంచి, ముక్కులోంచి బురద కారుతోంది. ఉమ్మబోయి, ఆగాడు. నాలుక చప్పరించాడు.

“బావా,” అన్నాడు. “చప్పగా ఉంది.”

“ఏది, రొట్టా?”

“నీళ్ళు.”

డెల్మో నవ్వాడు. నవ్వుతూనే కుప్ప వాలున కొంచెం దిగి, వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. రెండోసారి ముంచాడు. ఆ మొహంలోంచి నవ్వు ఇంకిపోవడం నేవియో చూశాడు. డెల్మో కిందికి చూశాడు. కాఫీలో చక్కెరలాగా కుప్ప అడుగు కరిగి గుహలు పడుతోంది. వాలున నిలబడ్డ అతని పాదాలు చీలమండల దాకా దిగబడి ఉన్నాయి.

“ఏరు,” అన్నాడు డెల్మో, చాలా చిన్న గొంతుతో. “ఏరు తెగింది.”

చెక్కపార విసిరేసి దూకాడు. నేవియో నడుం బెల్టు గుప్పిట పట్టి కావలిగది వైపు ఈడ్చాడు. ఇప్పుడు లాగేది డెల్మో, కొట్టుకునేది నేవియో. గట్టు ఎక్కడుందో కాళ్ళతో తడుముకుంటూ నడిచారు. తర్వాత సారా కొట్లో డెల్మో చెప్పే లెక్కలో ఆ నీళ్ళు మెడ దాకా వచ్చాయి, నేవియో లెక్కలో నడుం దాకా. ఎవరి లెక్క వాళ్ళు ఇప్పటికీ మార్చలేదు.

“ఊపిరి పీల్చు మేకా! నీళ్ళు కాదు, గాలి!”

“నువ్వు వెనక్కి చూడకు.”

“చూడట్లేదు.”

చూశాడు. కావలిగది కప్పు మీదికి ఎక్కాక ఇద్దరూ చూశారు. కుప్ప కొన ఒక పక్కకి ఒరిగింది, నిద్రపోయేవాడి తలలాగా. మట్టినీళ్ళలో తెల్లటి చార ఒకటి సాగింది. కాసేపటికి అదీ లేదు. చిన్న శబ్దం కూడా రాలేదు.

ఊరి వైపు గుడిగంట మోగడం మొదలైంది. ఎవరో చచ్చిపోయినప్పుడు మోగినట్టు కాదు, ఆగకుండా.

“జెలిందా మేడ ఎక్కి ఉంటుంది,” అన్నాడు డెల్మో.

“ఎక్కే ఉంటుంది.”

“నీళ్ళకి కొత్తా దానికి? ఎక్కి ఉంటుంది.”

నేవియో బోర్లా పడుకుని నిచ్చెన వైపు తొంగి చూశాడు. ఇందాక వాళ్ళు కాలు పెట్టిన మెట్లు ఏవీ కనబడటం లేదు. తలుపు చట్రం పైకమ్మి మీద నీళ్ళు నాకుతున్నాయి.

డెల్మో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేవియో బెల్టు మాత్రం వదలలేదు. “ఎంతదాకా వచ్చింది బావా?”

“తగ్గుతోంది.”

“గడ్డం గీసేటప్పుడు కూడా ఇలాగే అంటావు, ‘గాటు పడలేదండీ’ అని,” అన్నాడు డెల్మో. “నిజం చెప్పు.”

నేవియో మళ్ళీ చూశాడు. పైకమ్మి కనబడలేదు, నీళ్ళే ఉన్నాయి.

“ఇంకొంచెం ఇటు జరుగు బావా,” అన్నాడు. “కప్పు మధ్యలోకి జరుగు.”