సుల్తానా తీగ

కావలి ట్రంకురోడ్డు పక్క సందులో ఉన్న మా ప్రెస్సులో కంప్యూటర్ ఒక్కటే. దాని మీద హక్కు చెప్పుకునేవాళ్లు ముగ్గురు. రోజూ కూర్చుని పనిచేసేది సుల్తానా. ఆదివారం పూట వచ్చి దాన్ని ఉద్ధరించేది నా మేనల్లుడు షఫీక్, వాడి స్నేహితుడు బెన్హర్. యజమానిని నేను, బడేసాహెబ్‌ని. నాకు మౌస్ పట్టుకోవడం కూడా రాదు గనక నన్ను ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

కుర్రాళ్లిద్దరూ తడ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగస్తులు. కుర్రాళ్లంటే ముప్పై దాటినవాళ్లే. రెండేళ్ల కిందట మా పాత కంప్యూటర్ విండోస్ బరువు మోయలేక మూలుగుతుంటే, ఇద్దరూ కలిసి దాన్ని తీసేసి, తేలికగా నడిచే లినక్స్ పెట్టారు. బాగా నడిచింది. నడిచేదాన్ని నడవనిస్తే ఇంకేం? ఈ లినక్స్‌లో తెర ఎలా కనపడాలి, బొత్తాలు ఎక్కడుండాలి అన్నది మనిష్టం. రకరకాల సరంజామా దొరుకుతుంది. దాన్ని డెస్క్‌టాప్ అంటారు. షఫీక్‌ది కేడీఈ పార్టీ. బెన్హర్‌ది గ్నోమ్ పార్టీ. "ఒకడు కేడీ, ఒకడిది నోము. కేడీ చెబితే వినడు, నోము పట్టినవాడు వదలడు" అని మొదటివారమే తీర్పిచ్చాను. ఎవరూ నవ్వలేదు. ఆ డెస్క్‌టాప్ కోసం వారవారం మా ప్రెస్సు టాపు లేచిపోయేది. చేపల పులుసులో మామిడికాయ వెయ్యనివాణ్ని కూడా నెల్లూరోళ్లు అన్ని తిట్లు తిట్టరు. లినక్స్‌లో సగం లైను, సగం అక్కసు.

మధ్యలో నలిగింది సుల్తానా. ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. టేబులు మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక తీగ, దానికి బట్టల క్లిప్పులు, క్లిప్పులకి ప్రూఫులు. ఎడమ చివర వేలాడేది ముందు ఇవ్వాల్సిన పని, కుడి చివరిది ఆఖరున. తెర అడుగున ఉండే పట్టీలో కూడా ఫైళ్లన్నీ అదే వరస. తలెత్తితే తీగ, దించితే పట్టీ. ఆమె మా దగ్గర చేరిన పదహారేళ్లలో ఒకరి పెళ్లికార్డులో ఇంకొకరి పెళ్లికొడుకు పడలేదు.

బెన్హర్ వంతు వచ్చిన వారం అసలు పట్టీయే మాయమయ్యేది. "కంటికి అడ్డం లేకుండా ఉంటాదక్కా" అనేవాడు. షఫీక్ వంతు వస్తే పట్టీ పైకెక్కేది, ఫైళ్లన్నీ ఒకే బొమ్మ కింద ఇరుక్కునేవి. "నీటుగా ఉండాది కదక్కా?" పోయిన నెల ఆ నీటులోనే ఒకరి నిశ్చితార్థం కార్డు కింద ఇంకెవరిదో పెద్దకర్మ భోజనాల వేళ చేరింది. అచ్చుకెక్కే ముందు సుల్తానా కన్ను పడబట్టి బతికాం.

ఆరోజే ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. "అన్నా, ఇంకొక్కసారి నా వరస చెడిపితే, ఈ కుర్చీలో ఆ ఇద్దర్నే కూచోబెట్టుకో. నేను పోతా."

"వరస చెడితే వావి కూడా చెడుతుందమ్మా" అన్నాను.

"నీ మాటలు కార్డు కింద వేసుకో. నేను చెప్పింది చెప్పినా."

ఆమె లేకపోతే ప్రెస్సులో నేనూ, నా జోకులూ మిగులుతాం. రెండిటికీ గిరాకీ లేదు. కుర్రాళ్లిద్దర్నీ పిలిచి గట్టిగా చెప్పాను. గట్టిగానే తలూపారు.

అయినా పోయిన ఆదివారం పొద్దున సుల్తానా రాకముందే షఫీక్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఈసారి పట్టీ కిందనే పెడతా మామా. అక్క కోరినట్టే. కానీ ముందు ఆ గ్నోమ్‌ని వేర్లతో పెరికెయ్యాల. పాతదాని మీద కొత్తది పెడితే ఎంగిలి."

"కొత్తది తెచ్చుకున్నాక పాతది తీయరాదా?"

"అట్టా చేస్తే శుభ్రం ఉండదు మామా" అని ఎంటర్ కొట్టాడు. తెరమీద పేర్లు జలజలా రాలాయి. కాసేపటికి కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. నల్లటి తెర. మూలన ఒక తెల్లగీత మిణుకుమంటోంది.

సరిగ్గా అప్పుడే చర్చి వదిలారు. బెన్హర్, వాడి వెనక వాళ్ల పాస్టరు యెహోషువ అయ్యగారు లోపలికొచ్చారు. సాయంత్రం చర్చిలో కోత పండగ. పాటల కరపత్రం మూడొందలు కావాలి. తీగ మీద ఎడమ చివర వేలాడేది అదే. ఇంకో పేజీ టైపు చెయ్యాలి.

బెన్హర్ తెర చూసి తల పట్టుకున్నాడు. "ఏందిరా ఇది! లాగినయ్యే వాకిలి కూడా గ్నోముదే కదా! నెట్టు కూడా పాయె. ఇప్పుడు నీ కేడీఈని ఏడనించి దించుతావు?"

"నీ గ్నోమ్ అన్నిట్నీ చుట్టుకోనుండాదని నాకేం తెలుసు? తప్పు దానిదే!"

"ఇల్లు కూల్చినోడివి నువ్వు, తప్పు గోడదా?"

"నాయనా, నాలుగింటికి ఆరాధన" అన్నారు అయ్యగారు. ఎవరూ వినలేదు.

ఎప్పుడొచ్చిందో సుల్తానా గుమ్మంలో నిలబడి ఉంది. తెర చూసింది, తీగ చూసింది. చేతిసంచీ ఇంకా భుజానే ఉంది. పోతుందనుకున్నాను. నోట్లో ఒక్క శ్లేష కూడా ఊరలేదు.

"లెయ్" అంది షఫీక్‌తో.

"అక్కా, నీకు తెలీదు, ఇది..."

"లెయ్యిరా!"

లేచాడు. ఆమె సొరుగు లాగి, చెడిపోయిన పెళ్లికార్డుల కట్ట తీసింది. వాటి వెనక పెన్సిలు రాత. రెండేళ్లుగా ఆదివారం ఆదివారం వీళ్లు కొట్టుకుంటూ టైపు చేసినవన్నీ, వెనక కూర్చుని ప్రూఫులు దిద్దుతూ ఆమె రాసుకుంది. ఒక కార్డు ఏరి, చూసి నాలుగు మాటలు కొట్టింది. తెర బూడిదరంగుకి తిరిగింది. పట్టీ లేదు, బొమ్మల్లేవు, ఏమీ లేవు.

"ఓపెన్‌బాక్స్!" అన్నాడు బెన్హర్. "బోడి డెస్క్‌టాపు. నేనే పెట్టినా, పోయినేడు. మర్చిపోయినా."

"నేను మర్చిపోలా." ఇంకో కార్డు చూసి ఒక వరస కొట్టింది. తెలుగు కీబోర్డు వచ్చింది. కరపత్రం తెరుచుకుంది. వేళ్లు పరిగెత్తాయి.

"పట్టీ లేదు కదక్కా, ఎట్టా చేస్తావు?" అన్నాడు షఫీక్, పాపం నిజంగానే.

సుల్తానా తల తిప్పకుండా వేలు పైకెత్తి తీగ చూపించింది. "నా పట్టీ అదిరా. దాన్ని ఏ ఆదివారమూ ఎవురూ పెరకలేరు."

మూడింటికల్లా అయ్యగారు కరపత్రాలు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. కుర్రాళ్లు మళ్లీ దగ్గరికి జరిగారు.

"నెట్టు బాగుచేసి, కేడీఈ పెట్టేస్తా అక్కా."

"గ్నోమ్ పెడితే నెట్టు దానంతటదే..."

"నెట్టొక్కటే బాగుచెయ్యండి. ఏది పెట్టాలన్నా తియ్యాలన్నా అడిగే పాస్‌వర్డు నేను కొడతా. ఇందాకే మార్చేసినా."

"పాస్‌వర్డు మాకు చెప్పవా?" ఇద్దరూ ఒకేసారి అడిగారు. రెండేళ్లలో వాళ్లు ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే.

"చెప్పను."

యజమానిని కదా, గొంతు సవరించుకున్నాను. "నాకు?"

"నీకు చెబితే సందంతా చెప్పినట్టే అన్నా. నీకూ చెప్పను."

"మరి మా మాటకి విలువే లేదా అక్కా?" అన్నాడు బెన్హర్.

"ఎందుకు లేదు? ఎవురికేం కావాల్నో కాగితం మీద రాసి ఆ కుడి చివర తగిలించండి. వంతు వచ్చినప్పుడు చూస్తా."

రాశారు. షఫీక్ రెండు పేజీలు, బెన్హర్ రెండున్నర. పక్కపక్కనే తగిలించారు. సుల్తానా మాత్రం కొత్త పని ఏదొచ్చినా వాటికి ఎడమపక్కనే తగిలిస్తోంది. ఈ ఆదివారం కూడా చూశాను. సముద్రంగాలి తిరిగినప్పుడల్లా ఆ రెండు కాగితాలూ అక్కడే ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.